ఆ తేదీ అట్టపెట్టె మీద అచ్చు వేయండి

ఏటా కొత్త ఆండ్రాయిడ్ విడుదలయ్యే రోజుల్లో మన దేశంలో కోట్ల మంది ఒకటే ప్రశ్న అడుగుతారు: మా ఫోన్‌కి వస్తుందా, రాదా? అమ్మిన షాపతనికి తెలియదు. సర్వీస్ సెంటర్లో టోకెన్లు ఇచ్చే కుర్రాడికి తెలియదు. తెలిసిన కంపెనీ నోరు విప్పదు. యూట్యూబ్‌లో ఎవరో అంచనా మీద ఒక జాబితా పెడితే, అందులో మన మోడల్ పేరు ఉందేమోనని వెతుక్కోవాలి.

సొంత డబ్బు పెట్టి కొన్న వస్తువు గురించి ఇలా దేబిరించాల్సిన ఖర్మ మనకెందుకు పట్టింది? రూపాయి పారాసిటమాల్ బిళ్ల కొన్నా, అది ఎప్పటిదాకా పనికొస్తుందో వెనక అట్ట మీద అచ్చయి ఉంటుంది. పదిహేను వేలు పోసిన ఫోన్ డబ్బా అటూ ఇటూ తిప్పి చూడండి. కెమెరా ఎన్ని మెగాపిక్సెళ్లో ఉంటుంది, ఛార్జర్ ఎన్ని వాట్లో ఉంటుంది. ఈ ఫోన్‌ని ఎప్పటిదాకా కాపాడుతామో ఆ ఒక్క ముక్క మాత్రం ఉండదు. మొహమాటం లేకుండా చెబుతున్నాను, ఇది మోసం. చట్టం ఇంకా దానికి ఆ పేరు పెట్టలేదు, అంతే తేడా.

తెనాలిలో మా పెద్దమ్మ తన ఫోన్ నా చేతికిచ్చి, "బాగానే ఉందిగా నాయనా ఇది. కింద పడలేదు, తడవలేదు. మరి ఈ బ్యాంకుది ఎందుకు తెరుచుకోట్లేదు?" అని అడిగింది. నిజంగానే ఫోన్ శుభ్రంగా ఉంది. అద్దం మీద గీత లేదు. బ్యాటరీ సాయంత్రం దాకా వస్తోంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి చూశాను. ఆండ్రాయిడ్ వెర్షన్ 9. దాని కింద చివరి సెక్యూరిటీ అప్‌డేట్ తేదీ, 2020 నవంబర్. 'అప్‌డేట్ కోసం చూడండి' అన్న బటన్ నొక్కాను. గుండ్రం కాసేపు తిరిగింది. ఆకుపచ్చ టిక్కు పడింది. 'మీ సిస్టమ్ తాజాగా ఉంది' అని వచ్చింది.

ఏళ్ల తరబడి ఒక్క మరమ్మతూ అందని ఫోన్, యజమానురాలి ముఖం మీద 'అంతా తాజాగానే ఉంది' అని చెబుతోంది! పెద్దమ్మ చదువుకున్న మనిషే, ఆ వాక్యాన్ని నమ్మింది. ఎందుకు నమ్మదు? కంపెనీ సర్వర్‌ని అడిగితే వచ్చిన జవాబది. 'మీ ఫోన్‌కి మా సహాయం ఫలానా నాడు ఆగిపోయింది, ఇక జాగ్రత్త' అని అదే తెర మీద చూపించడానికి ఎంత ఖర్చవుతుంది? ఒక వాక్యం రాసే ఖర్చు. అది రాస్తే ఏమవుతుందో వాళ్లకి తెలుసు. ఈ కంపెనీ ఫోన్లకి ఆయుష్షు ఇంతేనా అని జనానికి తెలిసిపోతుంది. అందుకే రాయరు. నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఆ ఆకుపచ్చ టిక్కే. అప్‌డేట్ ఇవ్వకపోవడం ఒక తప్పు. ఇవ్వడం మానేసి, అంతా సవ్యంగా ఉందని చెప్పడం దాన్ని మించిన తప్పు.

అసలు అప్‌డేట్ ఎందుకు రాదని అడిగితే వేళ్లన్నీ పక్కవాడి వైపు తిరుగుతాయి. గూగుల్ ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్ రాసి అందరి ముందూ పెడుతుంది. ఫోన్లో ఉండే చిప్ క్వాల్‌కామ్‌దో మీడియాటెక్‌దో అయివుంటుంది. ఆ కొత్త వెర్షన్‌తో చిప్ మాట్లాడాలంటే డ్రైవర్లు కావాలి, అవి చిప్ కంపెనీ ఇవ్వాలి. ఆ పైన ఫోన్ కంపెనీ తన రంగులూ తన యాప్‌లూ అద్ది, పరీక్షించి పంపాలి. ఇందులో ఏ ఒక్కరు చేతులు దులిపేసుకున్నా గొలుసు తెగుతుంది. ఫోన్ కంపెనీని అడిగితే "చిప్ వాళ్లు డ్రైవర్లు ఇవ్వలేదు" అంటుంది. చిప్ కంపెనీ "మాకు ఆర్డర్ లేదు" అంటుంది. "మేం కోడ్ అందరికీ ఇచ్చేశాం" అన్నది గూగుల్ మాట. ముగ్గురూ నిజమే చెబుతున్నట్టు ఉంటుంది. డబ్బు కట్టిన మనిషి మాత్రం ఆ ముగ్గురి మధ్యా గాలికి పోతాడు.

ఈ సాకుకి ఒకప్పుడు కొంత బలం ఉండేది, ఒప్పుకుంటాను. కానీ 2017లో గూగుల్ 'ప్రాజెక్ట్ ట్రెబుల్' పేరుతో ఆండ్రాయిడ్ నిర్మాణాన్నే మార్చింది. ఆండ్రాయిడ్ 8 నుంచి చిప్‌కి సంబంధించిన భాగాన్ని ఒక పక్కకీ, పైనున్న ఆండ్రాయిడ్‌ని మరో పక్కకీ విడగొట్టి మధ్యలో స్థిరమైన గోడ కట్టింది. కింద చిప్ కోడ్ కదలకుండా పైన కొత్త వెర్షన్ ఎక్కించుకోవడానికి వీలుగా చేసిన ఏర్పాటది. 2020 డిసెంబర్లో గూగుల్, క్వాల్‌కామ్ కలిసి, కొత్త స్నాప్‌డ్రాగన్ చిప్‌లకి 3 కొత్త వెర్షన్లు, 4 ఏళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇవ్వగలమన్నాయి. 2025 ఫిబ్రవరికి, స్నాప్‌డ్రాగన్ 8 ఎలైట్ నుంచి ఆ లెక్క 8 ఏళ్ల దాకా వెళ్లింది. గూగుల్ సొంత ఫోన్ మొదటి పిక్సెల్‌కి 2016లో ఇచ్చిన హామీ 2 ఏళ్ల కొత్త వెర్షన్లు. 2023లో పిక్సెల్ 8కి ఇచ్చిన హామీ 7 ఏళ్లు. ఈ మధ్యలో భౌతికశాస్త్రమేమీ మారలేదే! మారింది వాళ్ల నిర్ణయం. నిర్ణయం ఇంకో రకంగా ఉంటే మా పెద్దమ్మ ఫోన్ ఇవాళ్టికీ బ్యాంకు పనికి వచ్చేది.

చవక ఫోన్లకి ఇవన్నీ గిట్టుబాటు కావనేది తరవాతి సాకు. దీన్ని నేను అస్సలు వదలను, ఎందుకంటే ఇది మన దేశంలోనే పన్నెండేళ్ల కిందట అబద్ధమని తేలింది. 2014 సెప్టెంబర్ 15న ఢిల్లీలో సుందర్ పిచాయ్ 'ఆండ్రాయిడ్ వన్' ఫోన్లు మొదలుపెట్టారు. మైక్రోమ్యాక్స్, కార్బన్, స్పైస్ కంపెనీలవి మూడు మోడళ్లు. ధర రూ.6,399 నుంచి. అప్‌డేట్లు నేరుగా గూగుల్ పంపుతుందన్నారు. ఆండ్రాయిడ్ 4.4తో వచ్చిన ఆ ఫోన్లకి 5.1 వచ్చింది, ఆపైన 6.0 కూడా వచ్చింది. అప్పట్లో ముప్పై వేలు పెట్టి కొన్న చాలా ఫోన్లకన్నా ముందే వచ్చింది. ఆరువేల నాలుగొందల ఫోన్‌కి, ఒక జీబీ ర్యామ్‌తో, అంత పాత కాలంలో సాధ్యమైన పని ఇప్పుడు పదిహేను వేల ఫోన్‌కి ఎందుకు అసాధ్యమైంది? 2024లో శాంసంగ్ ఏ16 5జీ ఫోన్‌ని మన దేశంలో ఇరవై వేల లోపు ధరకి తెచ్చి, 6 కొత్త వెర్షన్లు, 6 ఏళ్ల సెక్యూరిటీ అప్‌డేట్లు ఇస్తామని ప్రకటించింది. అదే ధరకి పక్క అద్దాల అరలో ఉన్న ఇంకో కంపెనీ ఫోన్‌కి రెండేళ్లంటే, ఆ తేడా లాభాల పద్దులో ఉంటుంది. ఇంజనీర్ల చేతకానితనంలో ఉండదు.

డబ్బు లేనివాడు చేయలేడా అంటే దానికీ సాక్ష్యం ఉంది. నెదర్లాండ్స్‌లో ఫెయిర్‌ఫోన్ అని ఒక చిన్న కంపెనీ. 2015 చివర్లో ఫెయిర్‌ఫోన్ 2 తెచ్చింది. లోపల చిప్ స్నాప్‌డ్రాగన్ 801. ఆండ్రాయిడ్ 7 నుంచి ఆ చిప్‌కి క్వాల్‌కామ్ డ్రైవర్లు ఇవ్వడం మానేసింది. అదే చిప్ పెట్టుకున్న పెద్ద పెద్ద కంపెనీలు అక్కడితో జెండా ఎత్తేశాయి. ఈ చిన్న కంపెనీ మాత్రం వదల్లేదు. చిప్ తయారుచేసినవాళ్ల సాయం లేకుండా, గూగుల్ పెట్టే లక్షల కొద్దీ పరీక్షలు దాటుకుంటూ, 7 తెచ్చింది, 9 తెచ్చింది, చివరికి 10 కూడా తెచ్చింది. 2023 మార్చి దాకా ఆ ఫోన్‌ని కాపాడింది. ఏడేళ్ల పైమాట! ప్రపంచ మార్కెట్లో చిటికెడు వాటా కూడా లేని కంపెనీ చేసిందీ పని. వేల కోట్ల లాభాలు చూపించేవాళ్లు ఇక 'కుదరదు' అనే మాట ఎత్తకూడదు.

ఆపిల్ గురించి కూడా న్యాయంగానే మాట్లాడాలి. 2013 నాటి ఐఫోన్ 5ఎస్‌కి కొత్త వెర్షన్లు 2018తో ఆగాయి, కానీ భద్రతకి సంబంధించిన ఒక ప్యాచ్ 2023 జనవరిలో కూడా వచ్చింది. నేను అడిగేది దాదాపు ఇదే. పదేళ్ల ఫోన్‌కి కొత్త హంగులు, కొత్త బొమ్మలు, ఏఐ సరదాలు ఇమ్మని నేనడగడం లేదు. కొన్ని మార్పులకి పాత హార్డ్‌వేర్ నిజంగానే చాలదు. 32 బిట్ చిప్ ఉన్న ఐఫోన్ 5కి ఐఓఎస్ 11 రాకపోవడానికి ఒక కారణం కనిపిస్తుంది. ఇల్లు కొత్తగా కట్టివ్వకపోయినా ఫర్వాలేదు, తలుపు గడియ ఊడితే బిగించండి అంటున్నాను.

ఆ ఊడిన గడియ వల్ల ఏమవుతుందో మన రెండు రాష్ట్రాల పోలీసుల్ని అడగండి. పీఎం కిసాన్ డబ్బులనీ, ట్రాఫిక్ చలానా అనీ, బ్యాంకు కేవైసీ అనీ వాట్సాప్‌లో ఒక ఏపీకే ఫైలు వస్తుంది. నొక్కితే యాప్ దిగుతుంది. దివ్యాంగుల సౌకర్యం కోసం ఆండ్రాయిడ్‌లో పెట్టిన యాక్సెసిబిలిటీ అనుమతిని అది అడుగుతుంది. ఇచ్చామా, తెర మీద కనిపించేదంతా దొంగ చేతిలోకి పోతుంది. ఇది తెలిసే గూగుల్ 2022లో ఆండ్రాయిడ్ 13 నుంచి, ఇలా బయటి ఫైలుగా దిగిన యాప్‌లకి ఆ అనుమతి తేలిగ్గా దొరక్కుండా అడ్డం పెట్టింది. దొంగలు దానికీ పక్కదారులు వెతికితే 15లో ఇంకా బిగించింది. అనుమానం ఉన్న యాప్‌లకి నోటిఫికేషన్లలోని ఓటీపీ కనిపించకుండా దాచడం కూడా 15లోనే వచ్చింది. అంటే మన రైతుల్నీ మన పెద్దవాళ్లనీ ముంచుతున్న దొంగతనానికి కొంతైనా మందు తయారైంది. ఎవరికి అందింది? ఏటా ఫోన్ మార్చేవాడికి అందింది. కొడుకు వాడి వదిలేసిన ఫోన్ వాడే తండ్రికి అందలేదు. సొమ్ము పోయాక సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేస్తే, "తెలియని లింకులు నొక్కొద్దని చెబుతూనే ఉన్నాం కదండీ" అంటారు. తప్పంతా నొక్కిన వేలిదేనా? గడియ బిగించడం మానేసిన కంపెనీది ఏమీ లేదా?

"మూడేళ్లలో జనమే ఫోన్లు మార్చేస్తున్నారు, అంతకు మించి అప్‌డేట్లు ఎవరికి కావాలి" అని మాట్లాడేవాళ్లు మన ఇళ్లు చూడలేదు. హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే అబ్బాయి దసరా ఆఫర్లో కొత్త ఫోన్ కొంటాడు. పాతది ఊళ్లో నాన్న దగ్గరికి వెళ్తుంది. నాన్న దగ్గరున్నది పొలంలో పనిచేసే మనిషి చేతికో, ఆన్‌లైన్ క్లాసుల కోసం చెల్లెలి కూతురికో వెళ్తుంది. మన దగ్గర ఫోన్ ఒకరితో చావదు. మూడు చేతులు మారుతుంది. మొదటి చేతిలో ఉన్నప్పుడు అప్‌డేట్లు ఉంటాయి, మూడో చేతికి వచ్చేసరికి ఉండవు. బ్యాంకు, పింఛను, రేషను, గ్యాసు, పిల్లల స్కాలర్‌షిప్పు, అన్నీ ఫోన్లోకి మార్చేసిన దేశంలో, ఆ మూడో చెయ్యి పేదవాడిది. అందరిలోకీ ఎక్కువ రక్షణ కావలసినవాడికి అందరిలోకీ తక్కువ రక్షణ ఉన్న ఫోన్ దక్కుతోంది.

ఇక అసలు కిటుకు దగ్గరికి వస్తాను. దీని మీద పత్రికలు కూడా సరిగ్గా రాయడం లేదు. కంపెనీ "రెండేళ్ల అప్‌డేట్లు" అన్నప్పుడు ఆ రెండేళ్లు ఎప్పటినుంచి? మనం కొన్న రోజు నుంచి కాదు. ఆ మోడల్ మొదటిసారి మార్కెట్లోకి వచ్చిన రోజు నుంచి. ఫోన్ విడుదలైన ఏడాదిన్నరకి ధర మూడు వేలు తగ్గించి, పండగ సేల్లో ఎర్ర స్టిక్కర్ వేసి అమ్ముతారు. మనం సంబరంగా కొంటాం. అప్పటికి దాని ఆయుష్షులో మిగిలింది ఆరు నెలలు. ఆ ముక్క బిల్లు మీద ఉండదు, వెబ్‌సైట్లో 'కొనండి' బటన్ పక్కన ఉండదు. పన్నెండు నెలల ఈఎంఐ పెట్టుకున్నవాడికి, కంతులు సగం మిగిలి ఉండగానే అప్‌డేట్లు ఆగిపోతాయి! ఇలా తగ్గింపు ధరకి పాత మోడల్ కొనేది ఎవరు? కొత్తది కొనలేనివాడు. గడువు తేదీ దాచి సరుకు అమ్మితే కిరాణా కొట్టువాడి మీద కేసు పెడతారు. వీళ్లకి మాత్రం ఉత్తమ బ్రాండ్ అవార్డులు.

ఇది కొత్త రోగం కాదు. 2012 ఏప్రిల్‌లో అమెరికాలో నోకియా లూమియా 900 అమ్మకానికి వచ్చింది. అదే ఏడాది జూన్ 20న మైక్రోసాఫ్ట్ విండోస్ ఫోన్ 8ని పరిచయం చేస్తూ, అప్పటిదాకా అమ్మిన విండోస్ ఫోన్ 7 ఫోన్లలో ఒక్కదానికీ అది రాదంది. కొని రెండున్నర నెలలు! మన దగ్గర లూమియా 800, 710 కొన్నవాళ్లకీ అదే గతి. కొత్తది విండోస్ ఎన్‌టీ కెర్నల్ మీద కట్టాం, పాతది విండోస్ సీఈ మీద ఉంది, అందుకే కుదరదన్నారు. సాంకేతికంగా అది నిజమే కావచ్చు. ఆ సంగతి ఏప్రిల్‌లో అమ్మేటప్పుడు వాళ్లకి తెలియదా? తెలుసు. తెలిసే అమ్మారు. కంటితుడుపుగా 7.8 అని ఒకటి పంపారు. తరవాత విండోస్ ఫోన్ 8 మీదున్న లూమియాలకి విండోస్ 10 తీసుకురావడమే తమ ఉద్దేశమని చెప్పారు. 2016 మార్చిలో అసలు విడుదల వచ్చేసరికి లూమియా 520, 920, 1020 జాబితాలో లేవు. 520 అంటే లూమియా ఫోన్లలో జనం అన్నిటికన్నా ఎక్కువగా కొన్నది, మన కాలేజీ పిల్లల జేబుల్లో కనిపించినది. అప్పుడు మైక్రోసాఫ్ట్‌ని నడుపుతున్నది హైదరాబాద్‌లో పెరిగిన సత్య నాదెళ్ల. మనవాడని మురిసిపోయాం, తప్పులేదు. మనవాడు నడిపే కంపెనీ మనవాళ్లకిచ్చిన మాట తప్పితే ఒక్కరైనా గట్టిగా అడిగామా?

అప్‌డేట్ ఇచ్చి ముంచడం ఇంకో పద్ధతి. 2018లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ ఆపిల్‌కి కోటి యూరోలు, శాంసంగ్‌కి 50 లక్షల యూరోలు జరిమానా వేసింది. పాత ఐఫోన్లు, నోట్ 4 ఫోన్లు ఉన్నవాళ్ల చేత బరువైన అప్‌డేట్లు వేయించి, అవి నెమ్మదిస్తే మళ్లీ వెనక్కి వెళ్లే దారి చూపనందుకు. పాత బ్యాటరీలున్న ఐఫోన్ల వేగాన్ని చెప్పకుండా తగ్గించిన సంగతి 2017 డిసెంబర్లో ఆపిలే ఒప్పుకుంది. అమెరికాలో ఆ కేసు పరిష్కారానికి 50 కోట్ల డాలర్ల దాకా కట్టడానికి సిద్ధపడింది. కాబట్టి నా డిమాండ్‌లో ఇది కూడా ఉంది: భద్రతా ప్యాచ్ వేరుగా రావాలి, కొత్త వెర్షన్ వేరుగా రావాలి. మొదటిది ఇవ్వడం వాళ్ల బాధ్యత. రెండోది వేసుకోవాలో వద్దో నా ఇష్టం.

హైదరాబాద్ ఆబిడ్స్ జగదీశ్ మార్కెట్‌లో ఒక మధ్యాహ్నం నిలబడి చూస్తే, ఈ దేశం ఫోన్లని ఎంతగా బతికించుకోవాలనుకుంటుందో అర్థమవుతుంది. ఆరడుగుల కొట్టు. బల్ల మీద రబ్బరు మ్యాట్, దాని మీద వేడిగాలి గన్ను, ఫ్లక్స్ వాసన, భూతద్దం కింద వేలిగోరంత ఐసీ. పగిలిన తెర తీసి కొత్తది అతికిస్తారు. ఉబ్బిన బ్యాటరీ పీకేస్తారు. నీళ్లలో మునిగిన బోర్డుని కూడా బ్రష్‌తో కడిగి లేపుతారు. నేను పెద్దమ్మ ఫోన్ ఇస్తే కొట్టులోని మెకానిక్ విప్పి చూసి, "బోర్డు మస్తుగుంది అన్నా. ఇంకో నాలుగేండ్లు ఎటు పోదు. గని సాఫ్ట్‌వేర్ కంపెనీ ఇయ్యాలె, మనమేం జేస్తం" అన్నాడు. లోహం బాగుంది, గాజు బాగుంది, మన మెకానిక్కుల చేతుల్లో పనితనం ఉంది. తాళం మాత్రం ఎక్కడో ఉన్న కంపెనీ దగ్గరుంది.

తాళం తీసుకుని మనమే బతికించుకుందామన్నా పడనివ్వరు. లినేజ్ ఓఎస్ లాంటి స్వచ్ఛంద బృందాలు కంపెనీలు వదిలేసిన ఫోన్లకి కొత్త ఆండ్రాయిడ్‌ని ఉచితంగా తయారుచేసి పెడుతున్నాయి. జీతాలు తీసుకోని మనుషులు రాత్రిళ్లు కూర్చుని చేస్తున్న పని. దాన్ని ఎక్కించాలంటే, ఫోన్ ఆన్ కాగానే మొదట నడిచే బూట్‌లోడర్ అనే ప్రోగ్రామ్ తాళం తెరవాలి. కొన్ని కంపెనీలు అసలు తెరవనివ్వవు. ఇన్నాళ్లు తెరవనిచ్చినవి కూడా ఇప్పుడు ఒక్కొక్కటే మూసేస్తున్నాయి. ఎలాగో తెరిస్తే, గూగుల్ ప్లే ఇంటెగ్రిటీ పరీక్షలో ఆ ఫోన్ తప్పుతుంది, బ్యాంకు యాప్ 'మీ ఫోన్ సురక్షితం కాదు' అంటుంది. అయిదేళ్లుగా ఒక్క ప్యాచ్ లేని కంపెనీ సాఫ్ట్‌వేర్‌ని అనుమతించే బ్యాంకు యాప్‌లు ఎన్నో ఉన్నాయి. అవే యాప్‌లు మొన్ననే ప్యాచ్ వేసుకున్న లినేజ్ ఫోన్‌ని గుమ్మంలోనే ఆపేస్తాయి. తాను కాపాడడు, కాపాడేవాణ్ణి రానివ్వడు. ఇదెక్కడి న్యాయం?

బయటి దేశాలు కొంత కదిలాయి. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ 29 నుంచి, సెక్యూరిటీ అప్‌డేట్లు కనీసం ఎంతకాలం ఇస్తారో అమ్మేవాళ్లు ముందే ప్రకటించి తీరాలి. యూరోపియన్ యూనియన్ 2025 జూన్ 20 నుంచి అమల్లోకి తెచ్చిన నిబంధన ఇంకా ముందుకెళ్లింది. అప్‌డేట్ల గడువుని విడుదల తేదీ నుంచి కాకుండా, ఆ మోడల్ అమ్మకం ఆపిన తేదీ నుంచి లెక్కపెట్టి 5 ఏళ్లు అంది. సరైన లెక్క అంటే అదీ! విడిభాగాలు 7 ఏళ్లు దొరకాలంది. బ్యాటరీ 800 సార్లు ఛార్జ్ చేశాక కూడా 80 శాతం నిలుపుకోవాలంది. కానీ ఆ నిబంధన పాఠంలోనే ఒక కన్నం ఉంది. అప్‌డేట్లు "ఇస్తే" అందరికీ ఉచితంగా ఇవ్వాలన్నట్టుగా రాశారు. అసలు ఇవ్వకపోతే ఏమిటన్న వాదనకి తలుపు తెరిచి ఉంచారు. మనం రాసుకునేటప్పుడు ఆ కన్నాన్ని కూడా నకలు కొట్టొద్దు.

మనం ఎప్పుడు రాసుకుంటాం? 2022 జూలైలో వినియోగదారుల వ్యవహారాల శాఖ మరమ్మతు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్ 24న పోర్టల్ తెరిచింది. 2025లో ఇంకో కమిటీ, రిపేర్ చేసుకోవడానికి ఎంత వీలుందో ఫోన్లకి మార్కులు వేయాలని నివేదిక ఇచ్చింది. ఆ మార్కుల్లో సాఫ్ట్‌వేర్ అప్‌డేట్లు కూడా ఒక అంశం. ఆ మార్కులు కంపెనీలే తమకి తాము ప్రకటించుకుంటాయట. పరీక్ష రాసినవాడే దిద్దుకునే పేపర్ నాకొద్దు. నాకు అయిదుకి మూడున్నర మార్కులు అక్కర్లేదు. నాకు తేదీ కావాలి. రోజు, నెల, సంవత్సరం.

ప్రభుత్వానికి ఆ అధికారం లేదని ఎవరూ చెప్పకండి. అమ్మే ప్రతి ఫోన్లో భారతీయ భాషలు చదవడానికి వీలుండాలని 2016లో ఆదేశమిచ్చింది, కంపెనీలు చచ్చినట్టు పాటించాయి. తెలుగు అక్షరాలు డబ్బాలు డబ్బాలుగా కనిపించే రోజులు అలా పోయాయి. ఆపదలో నొక్కే ప్యానిక్ బటన్ ఉండాలని అదే ఏడాది రూలు తెచ్చింది, అదీ జరిగింది. 2025 నవంబర్ చివర్లో సంచార్ సాథీ యాప్‌ని అన్ని కొత్త ఫోన్లలో 90 రోజుల్లో పెట్టాలని, అప్పటికే తయారై షాపుల్లో ఉన్నవాటికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ద్వారా పంపాలని టెలికాం శాఖ ఆదేశించింది. గొడవైతే డిసెంబర్ మొదట్లో వెనక్కి తీసుకుంది. తన యాప్ పంపడానికి సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ అనే దారి ఉందని గుర్తొచ్చిన ప్రభుత్వానికి, ప్రజల సొమ్ము కాపాడే ప్యాచ్‌లు పంపడానికీ అదే దారి ఉందని ఎందుకు గుర్తు రాలేదు? ఆ శాఖలో సహాయ మంత్రి మన గుంటూరు ఎంపీ పెమ్మసాని చంద్రశేఖర్. తెనాలి ఆయన నియోజకవర్గంలోదే. మా పెద్దమ్మలాంటి ఓటర్లు ఆయనకి వేలల్లో ఉంటారు. ఈ విషయం ఆయన పార్లమెంటులో మాట్లాడాలి, ప్రభుత్వంలో తోటి మంత్రుల దగ్గరా పట్టుబట్టాలి.

దీనికి కొత్త చట్టం కూడా అక్కర్లేదు. తూనికలు కొలతల శాఖ అమలుచేసే 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్ ఉన్నాయి. ఫోన్ డబ్బా మీద గరిష్ఠ ధర, తయారైన నెల, ఫిర్యాదుకి ఫోన్ నంబరు ఆ రూల్స్ వల్లే అచ్చవుతున్నాయి. ఆ పక్కన ఇంకో వరస చేర్చాలి: 'సెక్యూరిటీ అప్‌డేట్లు ఫలానా తేదీ వరకు.' ఆ తేదీ చివరి ఫోన్ అమ్మిన నాటినుంచి 5 ఏళ్లకి తగ్గకూడదు. తగ్గింపు సేల్లో అమ్మినా, ఆన్‌లైన్లో అమ్మినా ధరంత అక్షరాల్లోనే ఆ తేదీ కనిపించాలి. గడువు ముగిశాక ఫోన్ తెర మీద ఆకుపచ్చ టిక్కుకి బదులు నిజం రావాలి, అదీ తెలుగులో రావాలి. ఆ రోజునే బూట్‌లోడర్ తాళం వినియోగదారుడికి ఉచితంగా ఇచ్చేయాలి. పార్లమెంటు దాకా పోనక్కర్లేదు, కేంద్రం ఒక నోటిఫికేషన్‌తో మొదలుపెట్టొచ్చు. ఏటా దాదాపు 15 కోట్ల ఫోన్లు కొనే మార్కెట్‌ని వదులుకుని పోయే కంపెనీ ఈ భూమ్మీద లేదు. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో 2015 నుంచి మన ఊళ్ల ఆడపిల్లలు ఫోన్లు బిగిస్తున్నారు. తయారీకి మన చేతులు కావాలి, అమ్మకానికి మన జేబులు కావాలి. ఆ ఫోన్ ఎన్నాళ్లు బతకాలో చెప్పే హక్కు మాత్రం మనకి లేదంటే ఒప్పుకునేది లేదు.

కేంద్రం కదిలేదాకా రాష్ట్రాలు చేతులు కట్టుకుని కూర్చోనక్కర్లేదు. ప్రభుత్వాలే పెద్ద కొనుగోలుదారులు. 2022 డిసెంబర్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. రెండు రాష్ట్రాల్లోనూ అంగన్‌వాడీ, ఆశా, రెవెన్యూ సిబ్బంది పనంతా ఫోన్ల మీదే నడుస్తోంది. 2021లో మహారాష్ట్ర అంగన్‌వాడీ కార్యకర్తలు, ప్రభుత్వం ఇచ్చిన నాసిరకం ఫోన్లు రెండేళ్లకే పనికిరాకుండా పోయాయని అధికారుల బల్లల మీద పడేసి వచ్చారు. మన అక్కచెల్లెళ్లకి ఆ గతి పట్టకముందే అమరావతి, హైదరాబాద్ సచివాలయాలు ఇకపై కొనే ప్రతి ఫోన్, ప్రతి ట్యాబ్ టెండర్లో ఒక షరతు రాయాలి: సరుకు చేతికందిన రోజు నుంచి 5 ఏళ్లు సెక్యూరిటీ అప్‌డేట్లు, ఆగితే ఆ నెల నుంచే జరిమానా, ఇస్తామన్నవాడికే ఆర్డర్. వచ్చే టెండర్ నుంచే రాయండి.